చూపు వచ్చాక కూడా స్కాన్ ఎందుకు?

యాంకర్: నమస్కారం. ఈ వారం యువియైటిస్, అంటే కంటి లోపలి పొరల్లో వచ్చే వాపు గురించి మాట్లాడుకుంటున్నాం. మొదటి కాల్ ఖమ్మం నుంచి. చెప్పండి సార్.

కాలర్: నమస్కారం డాక్టర్ గారూ. మా ఆవిడకి ముందు విపరీతమైన తలనొప్పి, చెవుల్లో హోరు వచ్చాయి. తర్వాత రెండు కళ్ళూ మసకబారాయి. వీకేహెచ్ అనే ఒక రకం యువియైటిస్ అన్నారు. స్టెరాయిడ్ మాత్రలతో చూపు వచ్చేసింది, పేపర్ కూడా చదువుతోంది. అయినా వెళ్ళిన ప్రతిసారీ కంటి లోపలి పొరల్ని చూపించే ఓసీటీ స్కాన్ రాస్తున్నారు. బిల్లు కోసమే అంటాడు మా బావమరిది.

డాక్టర్: ఈ మాట నేను రోజూ వింటూనే ఉంటాను. సరే, మాత్రలు వేసుకుంటున్నారా?

కాలర్: మానేద్దామనుకుంటున్నామండి. ముఖం ఉబ్బింది, షుగర్ పెరిగింది.

డాక్టర్: సొంతంగా మానొద్దు. స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే ఒంటికే ప్రమాదం. ఈ జబ్బులో మన రోగనిరోధక శక్తే రంగు కణాల మీద దాడి చేస్తుంది. ఆ కణాలు చెవి లోపల, చర్మంలో కూడా ఉంటాయి, అందుకే చెవుల్లో హోరు, కొందరికి తర్వాత తెల్లమచ్చలు. కంట్లో ఆ కణాలు ఎక్కువగా ఉండేది, కాంతిని పట్టే రెటీనా పొర వెనకున్న కోరాయిడ్ పొరలో. అది ఉబ్బి, ఊరిన నీరు రెటీనా కింద చేరితే చూపు పోతుంది. మందు పడగానే నీరు తగ్గి చూపు వస్తుంది. కోరాయిడ్ వాపు మాత్రం అప్పటికింకా ఉండొచ్చు.

కాలర్: టార్చి వేసి చూస్తే తెలీదా అండీ?

డాక్టర్: అంత లోతున కష్టం. ఓసీటీలో ఆ పొర మందాన్ని మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో కొలుస్తాం. మామూలుగా 300 అటూ ఇటూ ఉంటుంది, వయసును బట్టి మారుతుంది. ఈ జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు 400, 500 కూడా దాటుతుంది. డోసు తగ్గించేటప్పుడు చూపు బాగానే ఉన్నా ఆ అంకె మళ్ళీ పెరిగితే జబ్బు తిరగబెడుతోందేమోనని జాగ్రత్తపడతాం. మాత్రలు సాధారణంగా ఆరు నెలలకు తగ్గకుండా, నిదానంగా దించుతూ వాడాలి. షుగర్ సంగతి డాక్టర్‌కి చెప్పండి, స్టెరాయిడ్ తగ్గించడానికి వేరే మందులున్నాయి. ఇంకోటి, పాత స్కాన్ పక్కన కొత్తది పెట్టి చూపించమనండి. పోల్చకుండా ఫైల్లో పెట్టేస్తుంటే మీ బావమరిది అనుమానంలో తప్పు లేదు.

యాంకర్: తర్వాత హైదరాబాద్ నుంచి.

కాలర్: నేను స్టూడెంట్‌నండి, యువియైటిస్ ఉంది. వాపు తగ్గింది, ఓసీటీ నార్మల్ అన్నారు. కానీ చదువుతుంటే మధ్యలో అక్షరాలు మాయమవుతున్నాయి. అడాప్టివ్ ఆప్టిక్స్ అనే కెమెరాతో పరిశోధన చేస్తున్నాం, చేరతావా అని అడిగారు. టెన్షన్‌గా ఉంది.

డాక్టర్: నీకు కనిపిస్తున్నది భ్రమ కాదమ్మా. ఓసీటీ లోతును 5 మైక్రాన్ల దాకా విడదీస్తుంది, అడ్డంగా అంత చూపు దానికి లేదు. రెటీనా నడిమధ్య, అక్షరాలు, రంగులు చూడడానికి పనికొచ్చే కోన్ కణాల వెడల్పు రెండు మూడు మైక్రాన్లే. కొన్ని దెబ్బతిన్నా స్కాన్‌లో ఆ కణాల పొర గీత మామూలుగానే కనపడొచ్చు. ఈ కెమెరా పద్ధతి టెలిస్కోపుల నుంచి వచ్చింది. కంటి ముందున్న పారదర్శక పొర కార్నియా, లెన్స్‌ల వల్ల కాంతి చెదిరిపోతుంటే, ఆకారం మార్చుకునే అద్దం దాన్ని సరిచేస్తుంది. 1997లో అమెరికాలోని రోచెస్టర్ యూనివర్సిటీ వాళ్ళు దీంతో మనిషి కంట్లో కోన్ కణాలను విడివిడిగా చూపించారు.

కాలర్: ఫొటోలో కణాలు లేకపోతే చచ్చిపోయినట్టేనా?

డాక్టర్: అలా అనలేం. దెబ్బతిన్న కోన్ కాంతిని సరిగా వెనక్కి పంపదు, ఫొటోలో నల్లగా పడుతుంది. కోలుకుంటే మళ్ళీ కనపడొచ్చు. ఏవి పోయాయి, ఏవి కోలుకుంటున్నాయి అన్నదే అసలు పరిశోధన. అందుకే నెలల తేడాతో అదే చోటుని మళ్ళీ తీస్తారు. కంట్లో వాపు కణాలు తేలుతుంటే బొమ్మ సరిగా రాదు, అప్పుడు వాయిదా వేస్తారు.

కాలర్: లైటు వల్ల హాని ఉంటుందా? డబ్బులు కట్టాలా?

డాక్టర్: కాంతిని భద్రతా పరిమితి లోపలే ఉంచాలి, ఎంత వాడతారో అడిగి తెలుసుకో. పరిశోధన కోసం తీసే స్కాన్‌కి నీ దగ్గర డబ్బు తీసుకోకూడదు, భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ నిబంధన అది. సంతకం పెట్టేముందు కాగితం మొత్తం చదువు. నచ్చకపోతే మధ్యలోనైనా తప్పుకోవచ్చు, నీ వైద్యం ఆగదు. దీంతో నీ మందులు మారతాయని మాత్రం ఆశ పెట్టుకోకు.

కాలర్: ఆ రోజు కాలేజీకి వెళ్ళొచ్చా అండీ?

డాక్టర్: కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తే కొన్ని గంటలు దగ్గరి అక్షరాలు మసకగా ఉంటాయి. బండి తీయకు, ఎవరినైనా తోడు తీసుకెళ్ళు.

యాంకర్: కర్నూలు కాలర్ లైన్లో ఉన్నారు, చిన్న విరామం తర్వాత మాట్లాడదాం.