మార్చిలో కారు కొంటే పన్ను ఎంత తగ్గుతుంది?

నమస్కారం. ప్రతి మార్చిలో ఎవరో ఒకరు నాకు ఫోన్ చేస్తారు. "ఈసారి పన్ను బాగా పడేలా ఉందండీ, క్లినిక్ పేరు మీద ఓ కారు తీసేసుకోనా?" ఈ ఏడాది అడిగింది ఓ పళ్ల డాక్టర్ గారు. 12 లక్షల కారు కొంటే 12 లక్షల పన్ను ఎగిరిపోతుందని ఆయన ధీమా. అసలు ఆయన కట్టాల్సిన పన్నే 5 లక్షలు దాటదు!

ఖర్చు రాస్తే తగ్గేది ఆదాయం. పన్ను కాదు. 30 శాతం శ్లాబులో ఉన్నా, వంద ఖర్చు పెడితే పన్నులో మిగిలేది ముప్పై. డెబ్బై మన జేబులోంచి పోయేదే.

పైగా కారు ఆస్తి కిందికి వస్తుంది, మొత్తం ఒకే ఏడాది రాయడం కుదరదు. ఏటా 15 శాతం తరుగుదల, మన సీఏలు డిప్రిసియేషన్ అనేది. ఆ ఏడాదిలో 180 రోజులకన్నా తక్కువ వాడితే అందులో సగమే. మార్చిలో కొన్న కారు కదా, 12 లక్షల మీద ఏడున్నర శాతం, అంటే 90 వేలు. దాని మీద పన్ను 27 వేలు, సెస్ పక్కన పెట్టండి. మరి అదే కారులో ఆదివారం అత్తగారింటికి వెళ్తే? సొంత వాడకం తీసేయాలి. సగం అనుకుంటే మిగిలింది 13,500. మిగతాది తర్వాతి ఏళ్లలో కొంచెం కొంచెంగా వస్తుంది, కాదనను. షోరూమ్‌లో మాత్రం ఈ లెక్క ఎవరూ చెప్పరు లెండి.

కారు అవసరమైతే హాయిగా కొనుక్కోండి. పన్ను కోసం కొనకండి, బాబూ!

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. అద్దె, అసిస్టెంట్ జీతం, కరెంటు, ల్యాబ్ బిల్లులు ఆ ఏడాదే పూర్తిగా రాసుకోవచ్చు. కానీ ఒకే మనిషికి ఒకే రోజు 10 వేలు దాటి నగదు ఇస్తే ఆ ఖర్చు మామూలుగా ఒప్పుకోరు. కంప్యూటర్‌కి తరుగుదల 40 శాతం. కొత్త పన్ను విధానంలో 80సి లాంటి పొదుపు మినహాయింపులు పోతాయి గానీ వృత్తి ఖర్చులు పోవు. ఇది చాలామందికి తెలియదు.

ఇంకొకటి, 1961 ఆదాయపు పన్ను చట్టంలో 44ఏడీఏ అనే పద్ధతి. ఏడాదికి వసూళ్లు 50 లక్షల లోపు ఉన్న డాక్టర్లు, లాయర్లు, ఆర్కిటెక్టుల లాంటి వాళ్లు అందులో సగాన్ని ఆదాయంగా చూపిస్తే చాలు. నగదు 5 శాతం దాటకపోతే పరిమితి 75 లక్షలు. కాకపోతే మిగతా సగంలోనే ఖర్చులన్నీ వచ్చేసినట్టు లెక్క, తరుగుదల కూడా. విడిగా ఏదీ రాయడం కుదరదు.

ఇంతకీ మన డాక్టర్ గారు నాలుగేళ్లుగా ఫైల్ చేస్తున్నది ఈ పద్ధతిలోనే. అంటే ఆ కారుకి వచ్చేది 13,500 కూడా కాదు, సున్నా.