కట్టిన మాల, గుచ్చిన దండ: జీను కుట్టు కథ

నమస్కారం. విజయవాడ బీసెంట్ రోడ్డులో తోలు సంచి బేరమాడుతున్న ఒక పెద్దాయనతో, "ఇది చేతికుట్టు కాదండీ, మిషన్ కుట్టు, అందుకే గట్టిగా ఉంటుంది" అని దుకాణదారు అంటుండగా విన్నాను. గుంటూరులోనూ ఇదే మాట విన్నాను, విన్న ప్రతిసారీ చిరాకు కలిగింది. గుర్రపు జీనులు కుట్టే పద్ధతిలో, అంటే జీను కుట్టుతో, చేత్తో కుట్టిన తోలు విషయంలో నిజం దీనికి తలకిందులు.

[తెరపై: రెండు పూలదండలు, పక్కన కత్తెర]

ఒకటి సూదితో గుచ్చిన దండ, రెండోది ప్రతి కాడనూ నారతో ముడివేసి కట్టిన మాల. రెండింటినీ నడిమికి కత్తిరిస్తున్నాను. గుచ్చిన దండలో పూలన్నీ జారి నేలపాలయ్యాయి. కట్టిన మాల రెండు ముక్కలైనా, తెగినచోటి ఒకటి రెండు పూలు తప్ప మిగిలినవి కదలలేదు.

మిషన్ కుట్టులో పైదారం తోలుకు పైవైపునే, కింది కండె (బాబిన్) దారం కిందివైపునే ఉండిపోయి, రంధ్రం నడుమ ఒకదానినొకటి కొక్కెంలా తగులుకుంటాయి. ఒకటి అరిగి తెగితే రెండోదానికి పట్టు పోతుంది, లాగినకొద్దీ కుట్లు వరుసగా ఊడివస్తాయి. అది గుచ్చిన దండ. జీను కుట్టులో దారం ఒక్కటే, దాని రెండు కొసలకూ రెండు సూదులుంటాయి. ఆరెతో, అంటే తోలుకు రంధ్రం చేసే ములుకుతో, పొడిచిన ప్రతి రంధ్రంలోనూ ఒక సూది అటు నుంచి ఇటు, మరొకటి ఇటు నుంచి అటు దూరి, దారాలు రెండూ తోలును దాటి పక్కలు మారుతాయి. ఒక కుట్టు తెగినా, అదే చోట రెండోవైపు నడిచే దారం తోలును విడవదు. తేనెమైనం పట్టించిన దారం కాబట్టి తెగిన కొస కూడా రంధ్రంలోంచి తేలికగా జారదు. ఇది కట్టిన మాల. ఇలా కుట్టాలంటే మిగిలిన దారమంతా ప్రతి రంధ్రం గుండా బయటికి రావాలి, కండె నుంచి కొంచెం కొంచెంగా దారం వదిలే మామూలు మిషనుకు అది చేతకాదు.

దుకాణదారును పూర్తిగా తప్పుపట్టలేను. కొక్కెం ఉన్న ఆరెతో కింది దారాన్ని ఉచ్చులా పైకి లాగి, అందులోంచి రెండో కొసను దూర్చే చేతికుట్టు కూడా ఉంది, అది స్వభావంలో మిషన్ కుట్టుకు చుట్టమే. పూలు కట్టేవారి చేతుల్లోనూ అన్ని ముడులూ ఒకేలా ఉండవు కదా.

ఇంత శ్రమ గుర్రం కోసం పడ్డారు. రౌతు పాదం పెట్టే రికాబు వేలాడే పట్టీ మీద, ఎక్కేటప్పుడు అతని బరువంతా పడుతుంది. జీనును గుర్రం కడుపు కింది నుంచి బిగించే పట్టీ చెమటలో నానుతూ, ప్రతి అడుగుకూ ఒరుసుకుంటుంది. పరుగు మధ్యలో ఆ కుట్టు ఒక్కసారిగా విడిపోతే మనిషి ప్రాణమే పోవచ్చు. జీనుల పని ఎంత పాతదంటే, చైనాలోని తుర్పాన్ ప్రాంతంలో, యాంఘై శ్మశానంలో ఒక స్త్రీ సమాధిలో దొరికిన తోలు జీను క్రీస్తుపూర్వం 700–400 మధ్యదని 2023లో ప్రకటించారు. ఆవుతోలులో గడ్డి, వెంట్రుకలు కూరి చేసిన జీను అది.

ఇక వేగంగా చెబుతాను, సమయం తక్కువగా ఉంది. 1837లో పారిస్‌లో తియెరీ ఎర్మెస్ ప్రారంభించినది గుర్రపు సామాను కార్ఖానా. కార్లు వచ్చి గుర్రాలు తగ్గాక ఆ సంస్థ (Hermès) ఖరీదైన సంచుల వైపు మళ్లింది కాని జీను కుట్టును వదల్లేదు. ఆ సంచుల ధరలో పేరుకు ఎంత, కుట్టుకు ఎంత అని అడిగితే, నా లెక్కలో పేరుదే పెద్ద వాటా. మన దేశంలో ఈ పనికి పేరున్న ఊరు కాన్పూరు, అక్కడి జీనులకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది.

తోలు ఊనడానికి, అంటే పచ్చి చర్మాన్ని కుళ్లకుండా పదును చేయడానికి, మన తంగేడు బెరడు, కరక్కాయ వాడేవారు. చెట్ల సారంతో ఊనిన తోలు బిగువుగా ఉండి, తడిపితే ఆకారం తీసుకుంటుంది, జీనుకు కావలసింది అదే.

కొనేటప్పుడు ముందువైపు ఏటవాలు కుట్టు చూసి చేతికుట్టే అనుకుని మోసపోకండి, దానిని మిషన్లూ తేగలవు. సంచిని తిరగేసి లోపలివైపు కుట్టు చూపించమని అడగండి. అంచులను తడిపి, చెక్కతో రుద్ది మైనం పట్టించే పని కూడా చూపించాలనుకున్నాను, కాని కెమెరా బ్యాటరీ అయిపోవచ్చింది.