ఒడ్డున పాడయ్యే పడవ

శ్రోతలకు నమస్కారం.

కళింగపట్నం బీచికి వెళ్ళినవాళ్ళలో కొందరు చూసే ఉంటారు. వంశధార సముద్రంలో కలిసే వైపు, మత్స్యకారుల ఫైబరు తెప్పల వరసకి కాస్త ఎడంగా, తెల్లటి చిన్న పడవ ఒకటి బోర్లించి ఉంటుంది. పొడవు పదమూడు అడుగుల పైచిలుకు. ఇంజను లేదు. అది నాదే.

తెచ్చిన కొత్తలో ఒక ముసలాయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఏటి బాబూ, దీనికి ఇంజనేదీ?" అని అడిగాడు. గాలితో పోతుంది తాతా అన్నాను. "మా అయ్య కాలంలో మేమూ అలాగే పోయేవోళ్ళం. ఆ కష్టం పడలేకే గదా ఇంజన్లు కొన్నాం" అని నవ్వి వెళ్ళిపోయాడు.

నేను నేవీలో పనిచేసి వచ్చినవాణ్ణి కాబట్టి సముద్రం గురించి అన్నీ తెలుసని మా ఊళ్ళో అనుకుంటారు. నా ఉద్యోగమంతా ఇంజను గదిలో గడిచింది. కిటికీ కూడా లేని చోటు. తెరచాప తాడు చేత్తో పట్టుకున్నది రిటైరయ్యాకే. ఒక సెయిలింగ్ క్లబ్బులో పాత పడవలు అమ్మేస్తున్నారని తెలిసి, ఉండబట్టలేక కొన్నాను. ఎంటర్‌ప్రైజ్ అనే రకం. 1956లో ఇంగ్లండులో మొదలైన నమూనా, గీసినాయన జాక్ హోల్ట్. ఇద్దరు నడిపే పడవ. నీలంరంగు తెరచాపలు దాని గుర్తు.

పడవ కొనగానే నేను చేసిన మొదటి పని రంగు వెయ్యడం. రెండోది, ముందు భాగం మీద మా అమ్మ పేరు రాయించడం. ఆ రెండూ అయ్యాక, ఒక ఆదివారం పొద్దున్నే నలుగురు కుర్రాళ్ళ సాయంతో ఏటి నీళ్ళలోకి తోశాం. పావుగంట గడిచిందో లేదో, పడవ నిండు చూడి గేదెలా కదలడం మానేసింది. వెనక వైపు ఒరిగింది. ఇలాంటి పడవల్లో రెండు పక్కలా గాలి పెట్టెలు ఉంటాయి. బోల్తాపడినా పడవ మునగకుండా కాపాడేవి అవే. వాటిలో చేరిన చెమ్మ కారిపోవడానికి ఒక్కోదానికి బొటనవేలంత కన్నం, దానికో బిరడా. ఆ బిరడాలు రెండూ నా చొక్కా జేబులో ఉన్నాయి. చొక్కా ఒడ్డున ఉంది. కుర్రాళ్ళు ఈదుకొచ్చి లాక్కెళ్ళారు. ముసలాయన గట్టు మీదే కూర్చుని అంతా చూశాడు. "రంగు మాత్రం బాగుంది బాబూ" అన్నాడు.

ఆ రోజు నుంచి నేను నేర్చుకున్నదాని గురించే ఈ నాలుగు మాటలు. నా పడవని ఇంతవరకూ సముద్రం పాడుచెయ్యలేదు. పాడైనదంతా ఒడ్డున ఉండగానే పాడైంది. ఎండకి, మూతవేసిన చోట నిలిచిన చెమ్మకి, మనుషుల వల్లా.

ముందు ఒళ్ళు సంగతి. పాత ఫైబరు పడవ కొనేవాళ్ళు రంగు చూసి మోసపోవద్దు. ఐదు రూపాయల బిళ్ళ తీసి, అడుగంతా జానెడుకో చోట కొట్టుకుంటూ పోవాలి. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి వింటాం చూడండి, అదే విద్య. టక్కుమని గట్టిగా పలికితే లోపలి పొరలు అతుక్కుని ఉన్నట్టు. డబ్‌మని బోలుగా పలికితే పొరలు విడిపోయి ఉండొచ్చు. నా పడవకి అలాంటి చోట్లు మూడు తేలాయి. ఈ పరీక్ష రంగు వెయ్యకముందు చేసుంటే ఆ రంగు డబ్బులు మిగిలేవి.

మరమ్మతు నేర్పింది ఊళ్ళో మత్స్యకారులే. తెప్పలకి వాళ్ళే ఫైబరు అతుకులు వేసుకుంటారు. ఇక్కడ ఒక్క జాగ్రత్త గట్టిగా చెప్పాలి. ఫైబరుని అతికించే జిగురులాంటి ద్రవాన్ని రెజిన్ అంటారు. దాంతో పాటు, అది గట్టిపడడానికి కలిపే రెండు చిన్న సీసాలు ఇస్తారు, ఒకటి యాక్సిలరేటరు, ఇంకోటి కెటలిస్టు. ఈ రెండూ నేరుగా కలిపితే మండుతాయి, పేలనూవచ్చు. ముందు ఒకటి రెజిన్‌లో పూర్తిగా కలిపి, ఆ తర్వాతే రెండోది. కెటలిస్టు కంట్లో పడితే చూపు పోవచ్చు, అందుకని కళ్ళద్దాలు తప్పనిసరి. పాత ఫైబరుని గరుకు కాగితంతో బాగా రుద్ది, ఆరబెట్టి, అప్పుడు అతుకు వెయ్యాలి. ముసురు పట్టిన రోజున ఆ పని పెట్టుకోవద్దు. నేను ఆగలేక శ్రావణంలో వేశాను. సంక్రాంతికి అట్టలా ఊడి చేతికొచ్చింది.

ఇక ఉప్పు. నౌపడ మీదుగా రైల్లో వెళ్ళేటప్పుడు పట్టాల పక్కన తెల్లటి ఉప్పు కుప్పలు చూస్తాం కదా. సముద్రం నుంచి తిరిగొచ్చిన పడవ నిండా అదే ఉప్పు, కాకపోతే కంటికి కనపడదు. నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు ఉండిపోతుంది. రాత్రి మంచుకి మళ్ళీ చెమ్మ లాగుతుంది. అందుకే ఒడ్డుకి రాగానే నాలుగు బకెట్ల మంచినీళ్ళతో పైనుంచి కిందిదాకా కడగాలి. పడవ సంరక్షణలో దీనికి మించిన పని లేదని నా అభిప్రాయం. డబ్బు ఖర్చు లేనిది కాబట్టి అందరూ వదిలేసేదీ ఇదే.

తెరచాప కొయ్యని నిలబెట్టేవి మూడు స్టీలు తీగలు, రెండు పక్కలా రెండు, ముందుకొకటి. వాటిని పట్టుకునే కొక్కేలు, పిన్నులు అన్నీ స్టెయిన్‌లెస్. స్టెయిన్‌లెస్ అంటే తుప్పు పట్టనిది అని మనం అనుకుంటాం. నిజానికి దాని మీద ఒక సన్నటి పొర ఉంటుంది, ఆ పొర నిలవాలంటే గాలి తగలాలి. గాలి ఆడని సందులో ఉప్పునీరు నిలిస్తే లోలోపల గుంటలు పడతాయి. నేను తెలివిగా, పిన్నులు గీసుకుని తెరచాప చిరక్కుండా ప్లాస్టిక్ టేపు దట్టంగా చుట్టాను. ఏడాది తర్వాత విప్పితే బయట మెరుస్తోంది, టేపు కింద గోధుమరంగు పుండు. నేవీలో ఇన్నేళ్ళు పనిచేసినవాడికి ఇది తెలియకపోవడం సిగ్గే.

కొనేటప్పుడు ఇంకో మాట. ఇంటి గేట్లకీ గిన్నెలకీ వాడేది మామూలుగా 304 రకం. సముద్రానికి 316 అడగాలి. అందులో మాలిబ్డినం అనే లోహం సుమారు రెండు శాతం కలుస్తుంది, ఉప్పుని తట్టుకునే బలం దానిదే. మన ఊరి హార్డ్‌వేర్ దుకాణంలో అడిగితే "అదీ స్టీలే, ఇదీ స్టీలే సార్" అంటారు. నేను విశాఖ వెళ్ళి తెచ్చుకుంటాను.

కొయ్య అని అలవాటుగా అంటున్నాను గానీ నాది అల్యూమినియం గొట్టం. దానికి స్టీలు బోల్టు బిగించి ఉప్పునీళ్ళు తగిలిస్తే రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీ తయారవుతుంది. తినేయబడేది అల్యూమినియమే. బోల్టు చుట్టూ తెల్లటి పొడి కనపడితే ఆ పని మొదలైందన్నమాట. ఇనప ఓడల అడుగున జింకు దిమ్మలు బిగించేది ఈ కారణానికే, ఓడ బదులు జింకు అరిగిపోతుంది. నా చిన్న పడవకి అంత అక్కర్లేదు. బోల్టుకీ గొట్టానికీ మధ్య ప్లాస్టిక్ వాషరు, కాస్త గ్రీజు చాలు. ఇక తీగలో ఒక్క పోగు తెగినా కంటికి ఆనదు. పాత పత్తి గుడ్డతో తీగ పొడవునా తుడిస్తే, తెగిన పోగు గుడ్డని పట్టుకుంటుంది. వేళ్ళతో మాత్రం చూడకండి.

తాళ్ళ దగ్గర నాకు మంచి గురువులు దొరికారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో ఇంజను పడవల మీద చేపల వేట నిషేధం. గుడ్లు పెట్టే కాలం కదా. ఆ 61 రోజులూ ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ, తాళ్ళు పేనుకుంటూ మనుషులు దొరుకుతారు. నైలాన్ తాడు సాగుతుంది, లంగరుకి అది మంచిది, అలల కుదుపుని మింగేస్తుంది. తెరచాప ఎత్తే తాడు సాగకూడదు, దానికి పాలిస్టర్. నీళ్ళ మీద తేలే రంగురంగుల ప్లాస్టిక్ తాడు చవక, కానీ ఎండకి పొడిపొడిగా రాలిపోతుంది. ముడి వేసిన చోట తాడు బలం మూడో వంతు నుంచి సగం దాకా తగ్గిపోతుంది. పోగులు విప్పి ఒకదాంట్లో ఒకటి దూర్చి అల్లితే పోయేది కొద్దిగానే. ఆ అల్లిక నాకు రావడానికి రెండు వేసవులు పట్టింది. నేర్పిన కుర్రాడు మాట్లాడుతూనే, చేతి వైపు చూడకుండా అల్లేస్తాడు.

తెరచాపకి శత్రువు గాలి కాదు, ఎండ. గుడ్డ కంటే ముందు కుట్టు దారం చస్తుంది. నడపనప్పుడు ఎగరేసి ఉంచకూడదు, పటపటా కొట్టుకోనివ్వకూడదు. కడిగి, నీడలో ఆరేసి, చాపలా చుట్టి ఇంట్లో పెట్టాలి. నేను ఒకసారి మడతపెట్టి పడవలోనే వదిలేస్తే ఎలక పిల్లల్ని పెట్టింది. అవి కొరికిన చోట శ్రీకాకుళంలో టార్పాలిన్లు కుట్టే ఆయన దగ్గర అతుకు వేయించాను. నీలం గుడ్డ మీద ఆకుపచ్చ అతుకు. నడవడానికి ఏం తేడా లేదు.

మన పాత పడవల తెలివి ఇక్కడే అర్థమైంది నాకు. దుంగలు కట్టిన తెప్పని వేట నుంచి రాగానే విప్పి ఆరబెట్టేవారు, నీళ్ళు పీల్చిన దుంగ బరువెక్కుతుందని. పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టిన నావకేమో అతిగా ఎండితే పలకలు కుదించుకుని సందులు పడతాయి. ఒకదానికి ఎండ కావాలి, ఒకదానికి నీడ. నా పడవకి గాలి కావాలి. అందుకే ఇప్పుడు గాలి పెట్టెల మూతలు తీసి, కింద రెండు దుంగలు ఎత్తు పెట్టి, బోర్లించి ఉంచుతున్నాను. పైన తాటాకులు.

ఎక్కడ నడుపుతాను అంటారా? ఎక్కువగా ఏటి ముఖద్వారం లోపలే. మన తీరంలో కెరటం విరిగే చోట దాటడం తెప్పలవాళ్ళకి అలవాటు, నాలాంటివాడికి కాదు. ఇసుక మేట ప్రతి వరదకీ చోటు మారుతుంది. పైగా పోటు తీసేటప్పుడు ఏరు సముద్రంలోకి లాగుతుంది, ఆ సమయంలో గాలి పడిపోతే తెడ్లే దిక్కు. అందుకని గాలి ఎంత బాగున్నా తెడ్లు లేకుండా కదలను. లైఫ్ జాకెట్ వేసుకోకుండా ఎక్కను, ఎవరినీ ఎక్కనివ్వను. కొత్త జాకెట్ కొన్నాక నడుములోతు నీళ్ళలో వేసుకుని తేలుతుందో లేదో చూసుకోండి.

బయలుదేరే ముందు వాతావరణం వినాలి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు ఎంత ఉంటుందో ముందే చెబుతుంది. కళింగపట్నం, భీమునిపట్నం ఓడరేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక అని చిన్నప్పటి నుంచి రేడియోలో వింటూనే ఉన్నాం. మూడో నంబరు దాకా అక్కర్లేదు, ఒకటో నంబరు వినగానే నేను కొయ్య దించేస్తాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లు ఎలా పడ్డాయో మనకి తెలుసు. పడవని కొబ్బరిచెట్టుకి కట్టి ధైర్యంగా ఉండేవాళ్ళని చూస్తే నాకు టెన్షన్. నాదైతే ఇంటి పెరట్లోకి వచ్చేస్తుంది. ఇంకో రెండు నంబర్లు రాసుకోండి: సముద్రంలో ఆపదొస్తే కోస్ట్‌గార్డ్ 1554, మెరైన్ పోలీసు 1093.

బిరడాల సంగతి మరిచాను. వాటిని ఇప్పుడు చుక్కాని పిన్నుకి దారంతో కట్టేశాను. చుక్కాని తగిలించాలంటే పిన్ను తియ్యాలి, పిన్ను తీస్తే బిరడాలు చేతికి తగులుతాయి. ఈ ఉపాయం ముసలాయనదే. ఏం ఆలోచించకుండా ఒక్క నిమిషంలో చెప్పాడు.

ప్రస్తుతం ఎడమ పక్క తీగలో ఒక పోగు తెగి ఉంది, కొత్తది విశాఖ నుంచి రావాలి. అది వచ్చేదాకా పడవ అక్కడే బోర్లించి ఉంటుంది. బీచికి వస్తే చూడండి, ఫొటోలు తీసుకోండి. దాని మీద మాత్రం కూర్చోకండి, పోయిన నెలలో అలాగే ఇంకో చోట పగిలింది.

సెలవు.