రంగు గురించి మొదలుపెట్టి వాల్వ్ దగ్గర ఆగాం

బామ్మర్ది: ఎర్ర లైటు వెలిగింది బావా. ఈసారి మైకు కూడా ఆన్‌లోనే ఉంది.

బావ: నువ్వు చూశావా, నన్ను చూడమంటావా?

బామ్మర్ది: రెండుసార్లు చూశా. అందరికీ నమస్కారం. ఇవాళ అల్లాయ్ వీల్స్‌కి మళ్లీ రంగు వేసుకోవడం గురించి. రోడ్డంచుకు గీరుకుపోయినవి, రంగు మీద ఉండే పారదర్శక పొర, క్లియర్ కోట్, పెచ్చులు లేచినవి, అన్నీ. నీలం రిమ్ము ఊసు ఎత్తనని బావకి మాటిచ్చాను.

బావ: ఎత్తావుగా.

బామ్మర్ది: ఇక ఎత్తను. ముందు బ్రేకు దుమ్ము పూర్తిగా వదిలేదాకా కడగాలి. యాసిడ్ కలిసిన క్లీనర్ల జోలికి పోవద్దు, అల్యూమినియాన్ని తినేస్తాయి. ఆరాక ఎమిరీ పేపరు. 240 నంబరు గరుకుతో మొదలుపెట్టి 400, 600. కళ్లు మూసుకుని వేలితో తడిమితే గీత అంచు తగలకూడదు. తర్వాత ప్రైమర్, రంగు, క్లియర్, పల్చగా పొర మీద పొర...

బావ: టైరు విప్పావా?

బామ్మర్ది: వస్తున్నా, అక్కడికే వస్తున్నా.

బావ: అక్కణ్ణుంచే మొదలెట్టాల్రా. టైరు ఉండగానే టేపు అంటించి కొట్టేస్తే రంగు టైరు అంచు దగ్గర ఆగిపోతుంది. నీళ్లు అక్కడే దూరతాయి, పెచ్చు అక్కడే లేస్తుంది. సరే, విప్పావనుకో. లోపల ఏముంది?

బామ్మర్ది: టైరులో గాలి ఎంతుందో కనిపెట్టే సెన్సర్.

బావ: వాల్వ్‌కి వేలాడుతూ ఉంటుంది. బీడ్‌ని, అంటే రిమ్ములో కూర్చునే టైరు అంచుని, వదిలించే మెషిన్ మొన సరిగ్గా వాల్వ్ దగ్గర దిగిందా, సెన్సర్ పుటుక్కుమంటుంది. అందుకే వాల్వ్ ఎక్కడుందో చూసుకుని, మొన దానికి దూరంగా పెట్టాలి.

బామ్మర్ది: పౌడర్ కోటింగ్, అంటే పొడి రంగు చల్లి కాల్చేది అయితే ఇంకా జాగ్రత్త. పొయ్యిలో 200 డిగ్రీల దాకా కాలుస్తారు. బ్యాటరీ ఉన్న సెన్సర్‌ని అందులో పెట్టకూడదు.

బావ: సెన్సరే కాదు, రిమ్ము సంగతీ చూసుకోవాలి. ఆ లోహానికి తయారీలోనే వేడి పెట్టి బలం తెప్పిస్తారు. మనం ఎక్కువ వేడి పెట్టినా, మళ్లీ మళ్లీ కాల్చినా ఆ బలం తగ్గిపోతుంది. ఇప్పుడు వాల్వ్ దగ్గరికి రా.

బామ్మర్ది: వచ్చేశాడండీ ఇత్తడి దగ్గరికి.

బావ: రాకుండా ఎలా? సెన్సర్ ఉన్న వాల్వ్ కాడ చాలా బళ్లలో అల్యూమినియం. మామూలు రబ్బరు వాల్వ్ అయితే లోపల ఇత్తడి. మూత చూస్తే తేడా తెలీదు. అల్యూమినియం కాడకి ఇత్తడి మూత పెడితే, పైన వాన నీళ్లు పడితే, అదో చిన్న బ్యాటరీ. రెండు లోహాలు, మధ్యలో తడి. అరిగిపోయేది ఎప్పుడూ అల్యూమినియమే. కాడ లోపల గాలిని ఆపే పిన్ను కూడా అంతే. అందుకే ఈ వాల్వ్‌లకి నికెల్ పూత ఉన్న పిన్ను వేస్తారు. మెరుపు లేదని తీసేసి మామూలు ఇత్తడి పిన్ను వెయ్యకూడదు.

బామ్మర్ది: ఇది మూడు ఎపిసోడ్లలో చెప్పావు బావా. మూతకి ఇంత రాద్ధాంతమా? రంగు గురించి వినడానికి వచ్చారు వీళ్లంతా.

బావ: మీ అక్క కారు గుర్తుందా, వెనక ఎడమ చక్రం?

బామ్మర్ది: పంక్చర్ అయిందన్నావు.

బావ: పంక్చర్ కాదు. గాలి తక్కువుందని డాష్‌బోర్డులో లైటు వచ్చింది. పట్టిద్దామని మూత తిప్పితే తిరగలేదు. మర దగ్గర తెల్లగా పొడి, సున్నం రాసినట్టు. ప్లయర్‌తో పట్టుకుని కొంచెం తిప్పాను. మూతతోపాటు కాడ విరిగి చేతికొచ్చింది. ఒక్క క్షణంలో గాలంతా పోయి బండి రిమ్ము మీద కూర్చుంది. లోపల పాప నిద్రపోతోంది. వాన.

బామ్మర్ది: ...ఆ వెండిరంగు మూతలా?

బావ: పైన వెండిరంగు, లోపల ఇత్తడి.

బామ్మర్ది: అవి నేను తెచ్చినవి బావా. నాలుగు అక్క కారుకి, నాలుగు నాకు.

బావ: తెలుసు.

బామ్మర్ది: ఇన్నాళ్లూ చెప్పలేదేం?

బావ: చెప్పి ఏం చేస్తాను? ముచ్చటపడి తెచ్చావు. అందుకే ఇత్తడి ఇత్తడి అని ఇక్కడ మొత్తుకునేది.

[కాసేపు నిశ్శబ్దం]

బామ్మర్ది: సరే. మూత ఇరుక్కుంటే ఏం చెయ్యాలో చెప్పు.

బావ: తుప్పు వదిలించే నూనె ఒక చుక్క వేసి వదిలెయ్. గంట, రెండు గంటలు. తర్వాత కాడ వంగకుండా అడుగున పట్టుకుని, వేళ్లతోనే. స్టెప్నీ దగ్గరుంటేనే ముట్టుకో. మళ్లీ పెట్టేటప్పుడు లోపల రబ్బరు రింగున్న ప్లాస్టిక్ మూత. పిన్ను బిగించేది దాదాపు అర న్యూటన్ మీటరు, అంటే ఏమీ లేనట్టే. కాడ నట్టుకి ఒక్కో సెన్సర్‌కి ఒక్కో లెక్క, తయారుచేసినవాళ్లు ఎంత చెబితే అంతే. మన బలం చూపిస్తే కాడ చీలుతుంది.

బామ్మర్ది: టైరు విప్పిన ప్రతిసారీ రబ్బరు వాషరు, నట్టు, పిన్ను, మూత కొత్తవి. అది ఒప్పుకుంటా. సెన్సరే మార్చెయ్యమంటావు చూడు, అది ఒప్పుకోను. పనిచేసేదాన్ని పారేస్తామా?

బావ: లోపల బ్యాటరీని జిగురు పోసి మూసేస్తారు, విడిగా మార్చలేం. ఐదేళ్ల నుంచి పదేళ్లు నడుస్తుంది. ఏడేళ్లది అలాగే వదిలేశావనుకో, వచ్చే ఏడాది మళ్లీ టైరు విప్పాలి. కొత్త రంగు మీద మళ్లీ ఇనుప మొన.

బామ్మర్ది: స్కానర్ పెడితే చాలా సెన్సర్లు బ్యాటరీ బాగుందో లేదో చెబుతాయి. బాగుందంటే ఉంచుతాను.

బావ: ఇవాళ బాగుందని చెబుతుంది. వచ్చే చలికాలం సంగతి చెప్పదు.

బామ్మర్ది: అమెరికాలో 2007 సెప్టెంబరు నుంచి, యూరప్‌లో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ గాలి కనిపెట్టే ఏర్పాటు తప్పనిసరి చేశారు. అన్ని కార్లలోనూ చక్రం లోపల సెన్సరే ఉండదనుకో. ఉన్నవాటికైనా ఏడేళ్లకోసారి నాలుగేసి పారేస్తే ఎంత చెత్త బావా?

బావ: రోడ్డు మీద పిల్లతో నిలబడి చూడు, అప్పుడు మాట్లాడదాం.

బామ్మర్ది: ...సరే, సరే. టైమైపోతోంది. రంగు వెయ్యకూడని చోట్లు గబగబా చెప్పేస్తా. బోల్టులు కూర్చునే గుంటలు, హబ్‌కి ఆనే ముఖం, టైరు బీడ్ ఆనే చోటు, వాల్వ్ కన్నం చుట్టూ. గుంటల్లో రంగుంటే అది నలిగి బోల్టు వదులవుతుంది. బిగించాక 80, 100 కిలోమీటర్లకి మళ్లీ చూసుకోవాలి. కన్నం దగ్గర మందంగా ఉంటే...

బావ: వాషరు కూర్చోదు. సన్నగా గాలి దిగుతుంది. సబ్బునీళ్లు పోస్తే చిన్నచిన్న బుడగలు, ఆవగింజల్లా. ఏ చక్రం సెన్సర్ ఆ చక్రానికే వెళ్లేలా టేపు మీద రాసుకోండి. ఒరేయ్, నీవి నాలుగన్నావు. ఇప్పుడెక్కడున్నాయి?

బామ్మర్ది: నా కారుకే ఉన్నాయి.

బావ: అల్యూమినియం కాడలేనా?

బామ్మర్ది: అవే.

బావ: బండి కిందుందా?

బామ్మర్ది: ఉంది. రికార్డింగ్ అవుతోంది బావా.

బావ: అవనీ. నూనె డబ్బా పట్టుకురా. ప్లయర్ వద్దు.