ప్రింటింగ్‌కు డిఫాల్ట్ ఏది: ఎల్‌పీడీనా, కప్స్‌నా?

నమస్కారం. ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి తయారు చేస్తున్నారు అనుకుందాం. ప్రింటింగ్ బాధ్యత దేనికి అప్పగించాలి? పాత ఎల్‌పీడీకా, కప్స్‌కా? రెండూ మనం ఇచ్చిన ప్రింట్ పనులను వరుసలో పెట్టి ప్రింటర్‌కు పంపే ప్రోగ్రాములే. రెండింటినీ ఒకే ప్రింటర్‌తో నడిపి చూశాను. నా ఓటు కప్స్‌కే. ఒక షరతు మాత్రం ఉంది.

ఎల్‌పీడీ బర్క్‌లీ యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ నాటిది. నెట్‌వర్క్‌లో అది మాట్లాడే పద్ధతిని 1990లో ఆర్‌ఎఫ్‌సీ 1179 అనే ఇంటర్నెట్ పత్రంగా నమోదు చేశారు. తెర మీద చూడండి, ఇది ప్రింట్‌క్యాప్ ఫైలు, ఎల్‌పీడీకి ప్రింటర్ వివరాలు చెప్పేది. నాలుగు పంక్తులు రాస్తే పని మొదలవుతుంది. ఆ సరళత నాకు ఇప్పటికీ ఇష్టం. అయితే ఈ ప్రింటర్ కాగితానికి రెండు వైపులా ముద్రించగలదా, ఏ ట్రేలో ఏ సైజు ఉంది, ఇంకు ఎంత మిగిలింది అన్న ప్రశ్నలేవీ ఎల్‌పీడీ అడగదు. పీడీఎఫ్‌ను ప్రింటర్‌కు అర్థమయ్యే రూపంలోకి మార్చే ఫిల్టర్‌ను మనమే వెతికి అమర్చాలి. యూనిక్స్ తెలిసినవారికి అది పది నిమిషాల పని. తెలియనివారికి ఆ రోజు ప్రింట్ రాదు. డిఫాల్ట్ అవసరమయ్యేది ఆ రెండో రకం మనిషికే కదా!

కప్స్ దారి వేరు. ఐపీపీ (ఇంటర్నెట్ ప్రింటింగ్ ప్రోటోకాల్) అనే పద్ధతిలో, 631వ పోర్టు (నెట్‌వర్క్‌లో ఒక సేవకు కేటాయించిన నంబరు) మీద ప్రింటర్‌నే అడిగి దాని సామర్థ్యాలు తెలుసుకుంటుంది. నా పరీక్షలో నెట్‌వర్క్ ప్రింటర్‌ను ఆన్ చేయగానే దాని పేరు ముద్రణ జాబితాలో కనిపించింది. డ్రైవర్ వేయలేదు, ఏ ఫైలూ దిద్దలేదు. ఆపిల్ 2002లోనే తన మ్యాక్ ఓఎస్ టెన్‌లోకి కప్స్‌ను తీసుకుంది.

ఇక షరతు. కప్స్‌కు తోడుగా, నెట్‌వర్క్‌లోని ప్రింటర్లను వెతికి జాబితాలో చేర్చే కప్స్-బ్రౌజ్‌డ్ అనే మరో సేవ ఉంటుంది. 2024 సెప్టెంబరులో దానిలోని లోపం బయటపడింది. అది 631వ యూడీపీ (ముందుగా కనెక్షన్ పెట్టుకోకుండా డేటా పంపే పద్ధతి) పోర్టు మీద ఎవరు పంపిన ప్యాకెట్‌నైనా, అంటే డేటా ముక్కనైనా, నమ్మేది. దాడి చేసేవారు దొంగ ప్రింటర్‌ను జాబితాలో చేర్చవచ్చు. మనం దానికి ప్రింట్ ఇచ్చిన క్షణంలో వారి ఆదేశం మన కంప్యూటర్‌లో నడుస్తుంది. ఇది చదివాక నాకు నిజంగా భయం వేసింది. కొత్త ప్రింటర్లను కప్స్ తానే, అవాహి (నెట్‌వర్క్‌లోని పరికరాలను కనిపెట్టే సేవ) సాయంతో, గుర్తించగలదు. కాబట్టి కప్స్-బ్రౌజ్‌డ్‌ను మొదటి నుంచీ ఆపి ఉంచాలి. కప్స్ కూడా లోకల్‌హోస్ట్ మాటే, అంటే అదే కంప్యూటర్ నుంచి వచ్చే మాటే, వినాలి; ప్రింటర్‌ను ఇతరులతో పంచుకోవాలనుకున్నవారే ఆ తలుపు తెరుచుకుంటారు.

ప్రింటర్ లేని సర్వర్‌లో అయితే ఎల్‌పీడీ, కప్స్ రెండూ వద్దు. ఇన్‌స్టాలర్ అక్కడ ప్రింటింగ్ ప్యాకేజీ ఒక్కటి కూడా వేయకూడదు.