సిలికాన్‌లో వాహకాల జీవితకాలం: ఒక్క అంకె చాలదు

సభకు నమస్కారం. కాంతి పడి సిలికాన్‌లో పుట్టిన ఎలక్ట్రాన్, హోల్ (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ) అనే విద్యుత్ వాహకాలు మళ్ళీ కలిసిపోయేలోపు సగటున ఎంతసేపు నిలుస్తాయో ఆ వ్యవధినే వాహకాల జీవితకాలం అంటాము. హోల్స్ అధికంగా ఉండే పీ-రకం సిలికాన్‌లో 100 మైక్రోసెకన్లు నిలిచిన ఎలక్ట్రాన్ సుమారు అర మిల్లీమీటరు దూరం వ్యాపించగలదు గనుక, 180 మైక్రోమీటర్ల మందమున్న వేఫర్‌లో (పలుచని సిలికాన్ పలకలో) అది ఎక్కడ పుట్టినా, వాహకాలను విడదీసే జంక్షన్‌ను చేరే అవకాశం ఎక్కువే.

ఎలక్ట్రోడులేవీ తగిలించకుండా దీన్ని కొలిచే పద్ధతిని రాన్ సింటన్, ఆండ్రెస్ క్యువాస్ 1996లో ప్రచురించారు. వేఫర్‌ను కాయిల్ మీద ఉంచి, మెల్లగా మసకబారే ఫ్లాష్ వెలుగును ప్రసరింపజేస్తే, పెరిగిన వాహకత్వాన్ని కాయిల్, కాంతి తీవ్రతను సెన్సర్ నమోదు చేస్తాయి. వాహకత్వం నుంచి అదనపు వాహకాల సాంద్రతనూ, కాంతి తీవ్రత నుంచి అవి పుట్టే రేటునూ లెక్కగట్టి, మొదటిదాన్ని రెండవదానితో భాగిస్తే జీవితకాలం వస్తుంది. వాహకాలు ఎక్కువసేపు నిలిచే వేఫర్లకైతే ఫ్లాష్‌ను చప్పున ఆర్పి క్షీణతను గమనించడమే మేలు. గ్రహించిన కాంతి ఎంతన్న చిక్కు లెక్క అప్పుడు చేయనక్కరలేదు.

అయితే ఇలా వచ్చే విలువలో ఉపరితలాల నష్టం కూడా కలిసి ఉంటుంది. పైన చెప్పిన వేఫర్‌కు రెండు వైపులా ఉపరితల పునఃసంయోగ వేగం (ఉపరితలం వద్ద వాహకాలు ఎంత చురుగ్గా కలిసిపోతాయో చెప్పే కొలత) సెకనుకు 10 సెంటీమీటర్లు ఉండి, కొలతలో 450 మైక్రోసెకన్లు వచ్చిందంటే, సిలికాన్ లోపలి జీవితకాలం అసలు 900 మైక్రోసెకన్లు.

వాహకాల సాంద్రత చెప్పకుండా జీవితకాలం చెప్పడం ఎంత తప్పుదారి పట్టించగలదో ఇనుము మలినం చూపుతుంది. బోరాన్ కలిపిన సిలికాన్‌లో ఇనుము చీకట్లో బోరాన్‌తో జతకట్టి ఉంటుంది. బలమైన కాంతి ఆ జతను విడదీస్తుంది. విడిపోయాక కొలిస్తే, తక్కువ సాంద్రతల వద్ద జీవితకాలం పడిపోతుంది, ఎక్కువ సాంద్రతల వద్ద పెరుగుతుంది. విడిపోకముందు, విడిపోయాక సాంద్రతను బట్టి జీవితకాలం మారే తీరును గీసిన రెండు వక్రరేఖలు ఘన సెంటీమీటరుకు ఇంచుమించు 2 × 10¹⁴ దగ్గర ఖండించుకుంటాయి. సరిగ్గా అక్కడే కొలిచినవారికి ఇనుము ఉన్న జాడే తెలియదు! ఖండన బిందువుకు దూరంగా కొలిస్తే మాత్రం, విడిపోకముందు, విడిపోయాక వచ్చిన జీవితకాలాల విలోమాల తేడా నుంచే ఇనుము సాంద్రతను రాబట్టవచ్చు.

బహుస్ఫటిక సిలికాన్‌లో ఇంకొక చిక్కుంది. వాహకాల సాంద్రత బాగా తగ్గినచోట జీవితకాలం అమాంతం పెరిగినట్టు గ్రాఫు చూపుతుంది. అల్పసంఖ్యాక వాహకాలు (పీ-రకంలో ఎలక్ట్రాన్లు) ట్రాపుల్లో, అంటే వాటిని కొంతసేపు పట్టి ఉంచే లోపాల్లో, చిక్కుకోగా, వాటికి సరిపడా అదనంగా మిగిలిన అధికసంఖ్యాక వాహకాలు వాహకత్వాన్ని పెంచడమే దీనికి కారణం. ఆ కొసను నమ్మకూడదు. అదే వేఫర్‌ను ఫొటోల్యూమినెసెన్స్‌తో (వాహకాలు కలిసిపోయేటప్పుడు వెలువడే కాంతితో) కొలిస్తే ఆ పెరుగుదల దాదాపు కనిపించదు.