పండక్కి ఊరెళ్లే కెమెరా

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో కొందరి దగ్గర పెద్ద కెమెరాలున్నాయి, ఎక్కువమంది దగ్గర ఫోనే ఉంది. చెప్పబోయే మాటలు ఇద్దరికీ పనికొస్తాయి.

సంక్రాంతికి నాలుగు రోజులు సెలవు దొరికితే మనవాళ్లు రెండు పనులు కలిపేసుకుంటారు. దారిలో ఒక చూడాల్సిన చోటు, ఆ తర్వాత సొంతూరు. ఆ చోట రెండు మూడు వందల ఫోటోలు తీస్తారు, ఊళ్లో ఓ పదితో సరిపెడతారు. లెక్క తిరగబడాలి. రామప్ప గుడి 1213 నుంచి అక్కడే ఉంది, వచ్చే ఏడాదీ ఉంటుంది. మీ పెదనాన్నగారి పెంకుటింటి అరుగు అప్పటికి ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేరు.

అందుకని దారిలో చోట్ల గురించి క్లుప్తంగా చెబుతాను. రామప్ప తూర్పు ముఖంగా ఉంటుంది, కాబట్టి పొద్దున్నే చేరుకోవాలి. చూరు కింద ఉన్న మదనికలది, అంటే ఆడవాళ్ల శిల్పాలది, నల్లరాయి. కింద నిలబడి పైకి గురిపెడితే వెనక తెల్లటి ఆకాశం వస్తుంది, బొమ్మ మసిముద్దలా మిగులుతుంది. రెండడుగులు పక్కకు జరిగి వెనక రాయి వచ్చేలా చూసుకోండి. కుదరకపోతే బొమ్మ మీద వేలితో తాకి ఎక్స్‌పోజర్, అంటే ఫోటోలోకి వచ్చే వెలుతురు, ఒక స్టాప్ పెంచండి. ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు. అక్కడ ట్రైపాడ్‌కు పురావస్తు శాఖ అనుమతి కావాలి. మోచేతులు పక్కటెముకలకు ఆనించి ఊపిరి బిగబట్టి తీస్తే చాలావరకు ఆ అవసరం రాదు.

లంబసింగి పొగమంచులో దీనికి కొంత పోలిక ఉన్న తప్పే జరుగుతుంది. తెల్లదనాన్ని చూసి కెమెరా మోసపోయి మంచును బూడిదరంగు చేస్తుంది. అక్కడ కూడా 0.7 నుంచి 1 స్టాప్ పెంచాలి. దగ్గరలో నల్లగా ఒక చెట్టో, మనిషో ఉంటేనే మంచు లోతు తెలుస్తుంది. చలిలోంచి వెచ్చటి గదిలోకి రాగానే లెన్స్ మీద తేమ పడుతుంది. ఏసీ కారు దిగి కోస్తా ఉక్కలోకి వచ్చినా అంతే. చల్లటి గాజు మీద గాలిలోని తడి పేరుకోవడమే కారణం. తుడిస్తే మళ్లీ పడుతుంది. లోపలికి వచ్చే ముందే కెమెరాను జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి, అరగంట దాన్ని తెరవకండి.

ఇక ఊరు.

భోగి మంటతో మొదలవుతుంది. చుట్టూ ఉన్న చీకటిని చూసి ఫోన్ వెలుతురు పెంచేస్తుంది, దాంతో మంట తెల్లటి మచ్చ అయిపోతుంది. మంట మీద తాకి, నారింజ రంగు కనిపించేదాకా వెలుతురు తగ్గించండి. కెమెరా అయితే మంట కోసం షట్టర్ 1/250 సెకను, లెన్స్ రంధ్రం ఎఫ్ 2.8, వెలుతురుకు స్పందించే ఐఎస్ఓ 800 దగ్గర మొదలుపెట్టండి. చుట్టూ చలి కాగుతున్న ముఖాలు కావాలంటే 1/60, ఐఎస్ఓ 3200 దాకా పోవాలి. ఒకే ఫోటోలో రెండూ దొరకాలని పట్టుబట్టకండి. రంగుల ఛాయను సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలేస్తే మంట వెచ్చదనాన్ని కడిగేస్తుంది, పగటి ఎండ గుర్తు మీద పెట్టండి. ఫ్లాష్ వద్దేవద్దు. పొగకు ఎదురుపడకుండా గాలి మీ వీపుకు తగిలే వైపు నిలబడండి.

తెల్లారాక ముగ్గులు. కళ్లాపి తడి ఆరకముందే తీయాలి. తడిసిన నేల ముదురుగా ఉంటుంది కాబట్టి పిండి గీత విడిగా కనిపిస్తుంది. ఆరితే నేలా ముగ్గూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నేల నల్లగా ఉండటంతో కెమెరా వెలుతురు పెంచి గీతను చెరిపేస్తుంది, కాబట్టి ఇక్కడ 0.7 స్టాప్ తగ్గించాలి. మొత్తం ముగ్గు కావాలంటే మేడ మీంచి నిలువుగా తీయండి. మేడ లేకపోతే చేతులు పైకెత్తి, ఫోన్‌ను నేలకు సమాంతరంగా పట్టుకుని, నీడ అందులో పడకుండా చూసుకోండి. ముగ్గు పూర్తయ్యాక కంటే, వేస్తున్న చేతి వేళ్ల మధ్య నుంచి పిండి జారుతున్నప్పుడు తీసిన ఫోటోకే విలువ ఎక్కువ. కానీ ముందు “ఫోటో తీసుకోనా పిన్నీ?” అని అడగండి. తల దువ్వుకొస్తానంటే ఆగండి.

అందరూ ఉన్న ఫోటో దగ్గరే ఎక్కువ పాడవుతుంది. వేపచెట్టు కింద నిలబెడతారు. ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా ముఖాల మీద పడుతుంది, తర్వాత దాన్ని ఎవరూ బాగు చేయలేరు. కొబ్బరితోటలో అయితే ముఖాలకు ఆకుపచ్చ ఛాయ వస్తుంది. అరుగు మీద, నీడ అంచుకు ఒక అడుగు లోపల, ముఖాలు ఆకాశం వైపు ఉండేలా కూర్చోబెట్టండి. ఫోన్‌లో బాగా వెడల్పుగా చూపించే 0.5 లెన్స్ వాడొద్దు, అంచుల్లో ఉన్న అత్తయ్యల ముఖాలు సాగిపోతాయి. వెనక్కి నడిచి 1 మీదే తీయండి. కెమెరా అయితే మూడు వరుసలకు ఎఫ్ 8, 1/200 పెట్టండి. పదిహేనుమంది ఉంటే కనీసం ఆరు ఫోటోలు తీయండి, ప్రతిసారీ ఎవరో ఒకరు కళ్లు మూస్తారు.

మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు బయట తీయడానికి ఏమీ ఉండదు. గోడమీది పాత ఫోటోలకు అదే సరైన సమయం. ఫోటో అద్దానికి అంటుకుపోయి ఉంటే ఊడదీయకండి, బొమ్మ పొర అద్దంతో పాటే వచ్చేస్తుంది. ఫ్రేమును దించి కిటికీకి పక్కగా నిలబెట్టండి. ట్యూబ్‌లైటు ఆర్పేయండి. మీ వెనక ఎవరినైనా నల్లటి దుప్పటి పట్టుకోమంటే అద్దంలో మీ ప్రతిబింబం పడదు. దగ్గరికి వెళ్లకుండా రెండడుగులు వెనక్కి జరిగి జూమ్ 2 మీద తీస్తే ఫ్రేము గీతలు వంకరపోవు. ఫ్రేము విప్పగలిగితే ఫోటో వెనక కూడా తీయండి. స్టూడియో ముద్ర, తేదీ, ఎవరో పెన్సిల్‌తో రాసిన పేరు అక్కడే ఉంటాయి.

ఆ ఫోటోల్లో ఎవరున్నారో చెప్పగలిగేది ఇంట్లో ఒక్క నాయనమ్మే కావచ్చు. పక్కన కూర్చుని, ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి, ఎడమ నుంచి కుడికి వరసగా పేరు, ఇంటిపేరు, వరస అడగండి. ఆ పని మళ్లీ వచ్చినప్పుడు చూద్దాంలే అనుకోవద్దు.

తిరిగొచ్చాక ఫోటోలన్నీ వాట్సాప్ గుంపులో పడేస్తారు. మామూలుగా పంపితే పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించేస్తుంది. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 4×6 ప్రింటుకే 1200×1800 కావాలి, 8×12కు 2400×3600. కాబట్టి డాక్యుమెంట్‌గా పంపండి.

ముగ్గు వేసిన పిన్నికి, అరుగు మీద కూర్చున్న తాతయ్యకు 4×6 ప్రింట్లు వేయించి పంపండి. వెనక పేర్లు, తేదీ రాయడానికి బాల్‌పెన్ను వద్దు, నొక్కిన గుర్తు ముందువైపు తేలుతుంది. సన్నమొన ఉన్న పర్మనెంట్ మార్కర్‌తో అంచు దగ్గర రాసి, సిరా పూర్తిగా ఆరాకే ఒకదాని మీద ఒకటి పేర్చండి.